పదిహేడో నంబరు

దాని తోక మొదట్లో ఆ బెల్టు బిగించింది నేనే.
నిరుడు, మబుయాగ్‌కి పడమట, నడుము లోతు నీటిలో,
ఆరుగురం మీదపడి ఒడిసి పట్టుకుంటే
అది నా మొహం మీద ఒక్కసారి ఊపిరి వదిలింది,
వెచ్చగా, పచ్చిగడ్డి వాసనతో,
మేతనుంచి ఇల్లు చేరిన పశువులా.
కాగితం మీద రాసుకున్నాను:
ఆడది. రెండు మీటర్ల నలభై. ఎడమ తెడ్డు మీద పాత గాటు.
నంబరు పదిహేడు.

నేను రేంజర్ని.
చొక్కా, జీతం, పడవలో పెట్రోలు సర్కారువి.
మా మేనమామ నొమోవా వేటగాడు.
ఆయన చేతి వాప్, మనిషికి రెండింతలుండే ఈటె,
వోంగై చెట్టు చేవలోంచి తాత చెక్కింది.
ఇద్దరం ఒకే చంద్రుణ్ణి చూసి బయల్దేరతాం,
ఒకే పోటు కోసం కాచుక్కూచుంటాం.
చీకట్లో ఆయన చెవి పెట్టేది ఆ ఊపిరికే.
పగటిపూట నేను లెక్కపెట్టేదీ దాన్నే.

అమ్మ పోయి మూడేళ్ళు.
సమాధిరాయికి ముసుగు తీసే రోజు దగ్గరపడింది.
థర్స్‌డే ఐలాండ్ నుంచి, కెయిన్స్ నుంచి, ఇంకెక్కడెక్కడినుంచో
చుట్టాలు దిగుతున్నారు, పరుపులు చుట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని.
ధంగల్ మాంసం లేనిది విందు కాదు.
తబితను ఫ్రీజర్ కోళ్ళతో సాగనంపారని రేపెవరైనా అంటే
బతికున్నవాళ్ళం తలెత్తుకోలేం.
పెద్దలు కూర్చుని, రెండే, అంతకు మించొద్దు, అన్నారు.
అనుమతి కాగితం మీద సంతకం నాదే.

తెల్లారకముందే మామ వచ్చాడు.
అరిటాకు పొట్లం నా ముందు పెట్టి నిలబడ్డాడు.
విప్పితే, నా బెల్టు.
దానికి వేలాడుతూ నాచు పట్టిన ట్రాన్స్‌మీటరు.
"నీళ్ళు కదిలాయి. చెయ్యి వెళ్ళిపోయింది," అన్నాడు.
చూడలేదని అనలేదు.
చూశానని కూడా అనలేదు.

మా కోతకి వరసలున్నాయి.
ఏ ముక్క ఏ ఇంటికో కత్తికి తెలుసు.
కడుపులో పిల్ల ఉందేమోనని ముందు చెయ్యి పెట్టింది మామే.
లేదు.
ఆయన మోచేతి దాకా ఎరుపు, పెదవుల మీద మాత్రం ఏదో ప్రార్థన.
పొట్టలో గడ్డి ఇంకా నలగలేదు.
ఒక గుప్పెడు తీసి సీసాలో వేశాను,
అలవాటు.

పది గంటలకి టౌన్స్‌విల్ నుంచి ఫోన్.
కుర్రాడు, కొత్తగా చేరినట్టున్నాడు:
"మేడమ్, మీ పదిహేడు గట్టెక్కింది.
రెండు గంటలుగా ఇళ్ళ మధ్య కదలకుండా ఉంది."
"చుట్టాలింటికి వచ్చింది," అన్నాను.
నవ్వాలో వద్దో తేల్చుకోలేక
అటువైపు కాసేపు గాలి మాత్రమే వినబడింది.

అతనికి చెప్పాల్సింది ఇంకొకటుంది, చెప్పలేదు.
నదులు పొంగి బురద కమ్మి గడ్డి చచ్చిన ఏడు
డొక్కలెండి ఒడ్డుకి కొట్టుకొచ్చినవాటిని లెక్కపెట్టిందీ నేనే.
ఏ విందుకూ కాదు. ఎవరి వాటాకీ రాలేదు.
వాటి కింద ఎవరి సంతకమూ లేదు.

రిజిస్టరులో అన్ని గళ్ళూ నింపాను.
కారణం అన్న గడిలో "విందు" అని రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే రాశాను.

రాత్రి రాయికి ముసుగు తీశారు. అమ్మ పేరు బంగారు రంగులో.
డప్పులు. కాళ్ళకి గింజల గలగల.
నా ఆకులోకి పక్కటెముకల ముక్క వచ్చింది, కొవ్వుతో, అమ్మకిష్టమైనది.
వంటింటి అలమరలో ట్రాన్స్‌మీటరు
ఆపడం మర్చిపోయాను, ఆకాశంతో ఇంకా మాట్లాడుతోంది.

మామ పక్కన చతికిలబడ్డాడు.
"ఆ బెల్టు మళ్ళీ ఎప్పుడు కడతావు?"
"ఆగ్నేయం గాలి తగ్గాక."
"నన్నూ పిలువు. పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలిగా."

జవాబు చెప్పలేదు.
నోట్లో ముద్ద ఉంది.